దుర్గకి తూటాలు నింపిన గవర్రాజు

గవర్రాజు రోజూ పొద్దున్నే ఇల్లు కదిలే ముందు జేబులు తిరగేసుకునేవాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, వెనక జేబు అన్నీ బయటికి లాగి, పెరటి గుమ్మంలో నిలబడి దులుపుకునేవాడు. అగ్గిపెట్టె ఉండకూడదు, లైటరు ఉండకూడదు, ఆఖరికి పూజలో అంటుకున్న అగరొత్తి నుసి కూడా ఉండకూడదు. చొక్కా నూలుదే అయి ఉండాలి. నైలాను కలిసిన బట్ట చలికాలంలో ఒంటిని రాసుకుని చిటపటలాడుతుందని అతని భయం. దులుపుకోవడం అయ్యాక సింహాచలం కొండ వైపు తిరిగి, "అప్పన్నా, నాను తూసిన దానివల్ల ఎవలికీ ఏటీ అవకుండా సూడు తండ్రీ" అని దండం పెట్టుకునేవాడు.

భార్య ధనలక్ష్మి క్యారేజీ అందిస్తూ, "దులిపీసి దులిపీసి బస్సు పాసు కూడా పెరట్లో పారేసినావు. ఆ సామి ఎంతమందిని సూస్తాడు? నీది నువ్వు సూసుకో" అనేది. పాసు తీసి చేతిలో పెట్టేది.

అతని పని తూటాలు నింపడం. వినడానికి దడగా ఉంటుంది గానీ, దగ్గర కూర్చుని చూస్తే పసిపిల్లకి ఉగ్గు కలపడం లాంటి పని. దువ్వాడ దాటాక కొండ అడుగున ఒక రైఫిల్ క్లబ్బు ఉంది. మూడు వందల మీటర్ల దూరంలో అట్ట మీద చుక్కని పెద్ద తుపాకీతో కొట్టే పోటీ ఒకటుంది, దాన్ని బిగ్ బోర్ అంటారు. ఆ తుపాకీకి కంపెనీ తూటాలు ఒక ఏడు దొరుకుతాయి, ఒక ఏడు దొరకవు. అందుకని ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుని, పేలిపోయిన తూటాల ఇత్తడి డొప్పల్ని క్లబ్బులోనే కడిగి, సాపు చేసి, అడుగున మందుకి నిప్పంటించే కొత్త క్యాపు దిగ్గొట్టి, లోపల మందు పోసి, మీద గుండు కూర్చేవారు. ఆ బల్ల ముందు కూర్చునేవాడు గవర్రాజు.

పెందుర్తి అవతల సాగుబడి చేసుకునే ఇంట్లో పుట్టాడు. ఊరి బళ్లో పదో తరగతి గట్టెక్కి, స్టీల్ ప్లాంటు ల్యాబులో హెల్పరుగా చేరాడు. ముప్పై మూడేళ్లు గోరంత గోరంత ఇనప పొడి తూచాడు. తక్కెడ ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టడం అక్కడే అలవాటైంది. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ధనలక్ష్మి సర్దుకున్న పప్పు డబ్బాలే తను మళ్లీ సర్దుతూ ఆవిడ చేత తిట్లు తింటున్న రోజుల్లో, ఒకప్పటి ఆఫీసరు శ్రీరామ్మూర్తి గారు ఫోను చేశారు. అప్పటికాయన క్లబ్బు సెక్రటరీ.

"ఏమోయ్ గవర్రాజూ, నీ చేతులు ఖాళీగా ఉన్నాయట?"

"సేతులే కాదు సార్, బుర్ర కూడా కాళీయే."

"రా అయితే. రెండింటికీ పని ఉంది."

అలా వెళ్లి, ఆరు నెలలు పక్కన కూర్చుని నేర్చుకుని, తరవాత రెండేళ్లలో ఆ బల్ల తనదే చేసుకున్నాడు. మందుల్లో కొన్ని సేమియా ముక్కల్లా కడ్డీలుగా ఉంటాయి, కొన్ని గసగసాల్లా గుండ్రంగా ఉంటాయి. గుండ్రటి రకం జారుడుగా దిగుతుంది, పోయడం సులువు. కానీ క్లబ్బుకి వచ్చినది విశాఖపట్నం ఎండకి వేడెక్కి ఉద్రేకపడేది. పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా కాలేది. గవర్రాజు నెమ్మదిగా కాలే కడ్డీ మందునే ఎంచుకున్నాడు. దాన్ని పోయడం కష్టం, ముక్క ముక్కా చిటికెతో వేసుకోవాలి. "ఇది మా ఇంటిదాయి లాటిది. దిగడానికి మొరాయిస్తాది గానీ, దిగినాక నమ్మొచ్చు" అనేవాడు.

బల్ల వెనక గోడ మీద శ్రీరామ్మూర్తి గారు ఎర్ర సిరాతో రాయించిన కట్టుబాట్లు ఉండేవి. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి. నింపేటప్పుడు మాటలుండకూడదు. గుండు కూర్చే ముందు ప్రతి డొప్పలోకీ టార్చి వేసి చూడాలి. మందు మారినా, డొప్ప మారినా, గుండు మారినా, క్యాపు మారినా మళ్లీ కింది తూకం నించి మొదలెట్టి, మెట్టు మెట్టుకీ పేల్చి చూసుకుంటూ పైకెళ్లాలి. అన్నిటికీ కింద ఇంకొకటి: కొత్తగా నింపిన వాటిలో మొదటి మూడు దెబ్బలూ నింపినవాడే వెయ్యాలి. ఎదుటివాడి మొహం ముందు పెట్టబోయేదాన్ని ముందు మన మొహం ముందు పెట్టుకోవాలని శ్రీరామ్మూర్తి గారి పంతం.

ఆ తూటాలు ఎక్కువగా పేల్చేది సాయిదుర్గ. జాలరిపేట పిల్ల. తండ్రి పైడయ్య వేటకెళ్తాడు, తల్లి చిట్టమ్మ రేవులో చేపలమ్ముతుంది. కాలేజీలో ఎన్‌సీసీలో తుపాకీ పట్టి, అక్కణ్ణించి క్లబ్బుకొచ్చింది. సముద్రం మీద చూపు నిలిపే ఇంటి పిల్ల కదా, మూడు వందల మీటర్లంటే దానికో లెక్క కాదు. పోటీ రోజున పెట్టె తెరిచి, మొదటి తూటాని కళ్లకద్దుకుని, "తాత తూటా" అనేది. ఆ రెండు మాటలు వినడానికి గవర్రాజు ఎండలో గొడుగు పట్టుకుని తుపాకులు పేల్చే లైను వెనకాల నిలబడేవాడు. పిల్లల్లేని మనిషి. ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు గానీ, తాత అనిపించుకున్న రోజున ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

కిందటేడు ఉమామహేష్ వచ్చాడు.

పోర్టులో క్రేన్ల కంప్యూటర్లు చూసే ఇంజనీరు. ముప్పై ఏళ్లుంటాయి. మెత్తగా మాట్లాడతాడు, వచ్చేటప్పుడు ఫ్లాస్కు నిండా టీ తెస్తాడు, వాకిలి తుడిచే అసిరమ్మకి ముందు పోసి తరవాత సెక్రటరీకి పోస్తాడు. తిట్టుకోవడానికి ఒక్క చెడ్డ గుణమైనా దొరకలేదు గవర్రాజుకి. అసలు కోపం అదే. చెడ్డవాడైతే పని సులువయ్యేది.

అతను తెచ్చిన మిషను మందుని తనే కొలుచుకుని, తనే తూచుకుని, చివరి ముక్క దగ్గర ఆగి, కీచుమని కూసేది.

"మీరు ఒక్కసారి చూడండి బాబాయ్. మీ తక్కెడకీ దీనికీ తేడా వస్తే నాదే తప్పు" అన్నాడు ఉమామహేష్ మొదటిరోజు.

"నాదేటుంది బాబూ, ముసిలి తక్కెడ. అది కూయలేదు, నానూ కూయలేను" అన్నాడు గవర్రాజు.

అయినా నేర్పాడు. డొప్ప మారితే మళ్లీ కిందనించి మొదలెట్టాలని ఆ కుర్రాడికి చెప్పింది గవర్రాజే. ఒకేలా కనిపించే రెండు డొప్పల్లో నీళ్లు నింపి, తూచి చూపించాడు. దళసరి డొప్పలో చోటు తక్కువ, అదే మందు దాంట్లో ఇరుక్కుని ఎక్కువ ఒత్తిడి చేస్తుందని చెప్పాడు. ఉమామహేష్ చంటిపిల్లాడిలా ఆశ్చర్యపోయి, అంతా కాగితం మీద రాసుకున్నాడు.

నాలుగు నెలలు మెట్టు మెట్టుగా నింపి, పేల్చి, ఒక తూకం దగ్గర నిలిచాడు. దుర్గ వాటితో అయిదు దెబ్బలు వేసింది. అయిదూ టీ గ్లాసు మూతి అంత చోట్లో పడ్డాయి. గవర్రాజు తూటాలు సాసరంత చోట్లో పడేవి. ఏ రోజూ సాసరు దాటలేదు, నిజమే. కానీ గ్లాసు గ్లాసే.

"ఓలమ్మ, ఉమా అన్నా! ఇదేటి, ఒకదాని మీద ఒకటి కూకున్నాయి!" అని దుర్గ ఎగిరింది. వెనక గొడుగు కింద నిలబడ్డ మనిషి గుర్తొచ్చి తిరిగి, "నీవి కూడా బాగుంటాయి తాతా" అంది.

ఆ 'కూడా' గవర్రాజు గొంతులో ముల్లులా దిగబడింది. దువ్వాడ స్టేషను దగ్గర బస్సెక్కి, పెందుర్తిలో దిగేదాకా దాన్నే మింగుతూ కూర్చున్నాడు.

తరవాత వారం చిట్టమ్మ పంపిన క్యారేజీ వచ్చింది. ఎప్పుడూ గవర్రాజుకే వచ్చేది. ఈసారి రెండొచ్చాయి. ఉమామహేష్ మాంసం, చేప ముట్టడు. ఆ సంగతి చెప్తే ఆవిడ మనసు నొచ్చుకుంటుందని దుర్గ ముందు తీసుకుని, దుర్గ వెళ్లాక గవర్రాజు ముందు పెట్టాడు. "మీరు తినండి బాబాయ్, వృథా అవుతుంది" అన్నాడు. వంజరం పులుసు. గవర్రాజు రెండు క్యారేజీలూ తిన్నాడు. రెండోది ఇంకా రుచిగా ఉన్నట్టనిపించింది. చిట్టమ్మ వాడికి పెద్ద ముక్కలేసిందేమో అని కూడా అనుమానమొచ్చింది.

ఆ రాత్రి ధనలక్ష్మి, "ఏటలా ఉన్నావు? ఒంట్లో బాగోలేదా?" అంది.

"ఒకడొచ్చి నా పిల్లని నా దగ్గరనించి టీ గ్లాసులో పెట్టి పట్టుకుపోతన్నాడు."

ఆవిడకేమీ అర్థం కాలేదు. కాస్త వాము నమిలి పడుకోమంది.

మే నెల వచ్చింది. రాష్ట్రం జట్టుకి సెలక్షను ఇంక పది రోజులు. దుర్గ ఎవరి తూటాలతో దిగాలో వారంలోగా తేల్చి చెప్పాలని శ్రీరామ్మూర్తి గారు అన్నారు. దుర్గ ఇద్దరి మొహాలూ చూసి తల దించుకుంది. ఆ తల దించుకోవడంలోనే జవాబు కనిపించింది గవర్రాజుకి.

ఉమామహేష్ ఏదీ దాచుకోడు. తన తూకం, డొప్ప రకం, క్యాపు రకం అన్నీ రాసిన కాగితాన్ని గోడకి గుచ్చేవాడు. అంతవరకూ గవర్రాజు పంతం కొద్దీ అటు చూడలేదు. ఆ రోజు గదిలో ఎవరూ లేరు. లేచి వెళ్లి చూశాడు. మందు అదే, తన కడ్డీ మందే. తూకం మాత్రం తనకన్నా ఒక మెట్టు పైన, మెట్టున్నర పైన ఉంది. ఇదా కిటుకు! ఇంతేనా! అంతవరకే చదివాడు. కాగితంలో మొదటి వరసలో పల్చటి కొత్త డొప్పలని స్పష్టంగా రాసే ఉంది. కళ్లు దాని మీదనించే వెళ్లాయి. కానీ అసూయతో చదివేవాడు తనకి కావలసిన వరసే చదువుతాడు.

తన పాత డొప్పలు నలభై తీశాడు. దళసరివి, నమ్మకమైనవి. ఆ తూకమే నలభైటిలోనూ పోశాడు. కింది మెట్టు లేదు, మధ్య మెట్టు లేదు. టార్చి వేసి చూశాడు, గుండ్లు కూర్చాడు, పెట్టెలో పేర్చాడు. చేతులు ఎప్పటిలాగే శుభ్రంగా పని చేశాయి. తప్పు చేతుల్లో లేదు.

మర్నాడు పొద్దున్న దుర్గ ఆదరాబాదరాగా వచ్చింది.

"తాతా, ఒంటిగంటకి కాలేజీలో పరీచ్చుంది. తొరగా కొట్టీసి ఎల్లిపోతాను. ఉమా అన్న తూటాలేవి?"

"ఈయాల నాయి కొట్టు. కొత్తగా నింపినాను. ఒక్క అయిదు కొట్టి సూడు, అప్పుడు సెప్పు ఎవలి తూటాలో."

"మూడు దెబ్బలు నువ్వేసీసినావా?"

ఈ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే సరిపోయేది. తను వేస్తే అరగంట పోతుంది, పిల్ల వెళ్లిపోతుంది, ఉమామహేష్ వచ్చేస్తాడు. "అదంతా నాను సూసుకున్నాలే, కొట్టు" అన్నాడు.

దుర్గ పడుకుని, తుపాకీ భుజానికి ఆన్చి, తూటా కళ్లకద్దుకుని లోపల పెట్టింది. దెబ్బ పేలింది. శబ్దం ఎప్పటిలా లేదు, చెవికి గరుకుగా తగిలింది. పేలిన డొప్పని బయటికి తీయడానికి దుర్గ తుపాకీ వెనక ఉన్న బోల్టు పిడి పైకెత్తబోయింది. రాలేదు.

"తాతా, బోల్టు బిగుసుకుపోయిందేటి?" అంటూ అరచేత్తో రెండుసార్లు కొట్టి లేపింది. డొప్ప వచ్చి చాప మీద పడింది. అలవాటు కొద్దీ రెండో తూటా కోసం పెట్టెలో చెయ్యి పెట్టింది.

"ఆపమ్మా! ముట్టకు! లెగు, తుపాకీ వొగ్గీసి లెగు!" గవర్రాజు గొడుగు పారేసి పరిగెత్తాడు.

డొప్పని తీసి అడుగు చూశాడు. అంచులు గుండ్రంగా ఉండాల్సిన క్యాపు లోపలి ఒత్తిడికి అప్పడంలా పరుచుకుపోయి ఉంది. ఇత్తడి మీద కొత్తగా నిగనిగలాడే మచ్చ. ఇంక రెండో దానికి ఏమయ్యేదో, మూడో దానికి ఏమయ్యేదో అతనికి తెలుసు. ఆ బోల్టు వెనక ఉన్నది ఆ పిల్ల చెంప.

అప్పటికి శ్రీరామ్మూర్తి గారూ, అప్పుడే వచ్చిన ఉమామహేషూ చేరుకున్నారు.

"ఏం తూకం వేశావ్?" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

గవర్రాజు గది వైపు చెయ్యి చూపించాడు. "ఆ గోడ మీద కాయితంలో ఉన్నదే యేసినాను సార్."

అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. అలాంటి నిజం చెప్పినందుకే అతను తరవాత ఎక్కువ సిగ్గుపడ్డాడు.

శ్రీరామ్మూర్తి గారు తిన్నగా గదిలోకి వెళ్లి కాగితం పీకేశారు. "ఇంజనీరువి, రాసింది ఒకసారి సరిచూసుకోవద్దూ? ఈ సెలక్షనుకి నీ తూటాలు వద్దు. గవర్రాజు పాత తూకమే ఖాయం" అన్నారు.

ఉమామహేష్ డొప్పని అటూ ఇటూ తిప్పి చూశాడు. గవర్రాజు వైపు ఒకసారి చూశాడు. "నా రాతలో ఏదైనా పొరపాటుందేమో సార్. చూసుకుంటాను" అని, మిగిలిన ముప్పై తొమ్మిదీ తీసుకెళ్లి ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

దుర్గ గవర్రాజు చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల అరచెయ్యి చల్లగా ఉంది. "నాకు నీ పాతయే సాలు తాతా. గ్లాసూ వద్దు, ఏటీ వద్దు" అంది.

ఇన్నాళ్లూ కోరుకున్నది అదే. ఒళ్లో వచ్చి పడింది. అతనికి మాత్రం నోట్లో మట్టి పోసినట్టుంది.

సాయంత్రం చిట్టమ్మ ఫోను చేసింది. "అన్నియ్యా, మా దుర్గ గుంట అంతా సెప్పింది. నువ్వు అరిసి ఆపకపోతే ఈపాటికి ఏటయిపోనో. నీ కాళ్లకి దండం. ఆ కుర్రోడ్ని మాత్తరం లోపలికి రానీకండి బాబూ! సదువుకున్నోడంట, సంపీసీవోడు."

"అలాగనకు సిట్టమ్మా..."

"అనకేటి? నీకు మంచితనం ఎక్కువ. నీ పేరు సెప్పి అమ్మోరికి సీర పెడతాను."

ఫోను పెట్టేశాక గవర్రాజు అన్నం ముట్టలేదు. ధనలక్ష్మి అడిగితే జరిగిందంతా చెప్పాడు, ఏదీ మినహాయించకుండా. ఆవిడ కంచం మీద మూత పెట్టి, "పొద్దున్న పెందలాడే లెగు. మొదటి బస్సుకెల్లు" అంది అంతే.

మొదటి బస్సుకే వెళ్లాడు. క్లబ్బు గేటు తీయక ముందే వెళ్లి, శ్రీరామ్మూర్తి గారూ ఉమామహేషూ వచ్చేదాకా అసిరమ్మ చల్లిన నీళ్ల పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ వచ్చాక, వాళ్లు కూర్చోకముందే చెప్పేశాడు. తూకం కాగితానిదే, కానీ డొప్పలు తనవి, దళసరివి. కిందనించి రాలేదు. మూడు దెబ్బలూ వెయ్యలేదు. వేసినట్టు పిల్లకి చెప్పాడు. "ఆ కాయితం తప్పు కాదు సార్. నా కుళ్లు సార్" అన్నాడు.

శ్రీరామ్మూర్తి గారు చెయ్యి చాపారు. "గది తాళంచెవి ఇలా ఇవ్వు" అన్నారు. "దసరా దాకా ఆ బల్ల దగ్గర కూర్చోవద్దు. దసరా తరవాత అడుగు, అప్పుడు చూద్దాం. దుర్గకి ఈ కుర్రాడే నింపుతాడు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆయన లోపలికెళ్లాక ఉమామహేష్ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు.

"నిన్ననే తెలుసు బాబాయ్. డొప్ప అడుగున కంపెనీ ముద్ర చూశాను, నా రకం కాదు, మీ దళసరిది."

"తెలిసీ నోరు మూసుకున్నావేటి?"

"మీరు చెప్తారనుకున్నాను. రెండు రోజుల్లో చెప్పకపోతే నేనే చెప్పేవాణ్ణి. ఆ పెట్టె మీద ముట్టవద్దని చీటీ అయితే అప్పుడే అంటించాను."

గవర్రాజు టీ తాగాడు. మంచితనంలో కూడా వీడే ముందా అని ఆ క్షణంలోనూ లోపల చిన్న మంట లేచింది. అది వెంటనే చల్లారిందని రాస్తే దేవుడు మెచ్చడు.

"జాలరిపేటలో సిట్టమ్మ నిన్ను తిట్టిపోస్తంది" అన్నాడు. "నిన్ను సంపీసీవోడన్నాది. నన్ను దేవుణ్ణి సేసీసింది. అమ్మోరికి సీర కూడా కొనీసుంటాది."

"పోన్లెండి బాబాయ్, దుర్గ చెప్తుందిలెండి."

"దుర్గకే తెల్దు కదేటి! నానే సెప్పాలి, ఆ తల్లికీ, పిల్లకీ. ఫోనులో సెప్పే మాట కాదు." మూత కింద పెట్టాడు. మోకాళ్ల మీద రెండు చేతులూ ఆన్చుకుని, కుర్రాడి మొహం చూడకుండా, షెడ్డు కింద నిలబెట్టిన బైకు వైపు చూశాడు. "రెండు బస్సులు మారి ఎల్లాలి. మద్దెలో దిగీసి ఎనక్కి వొచ్చీసీలాగున్నాను, నా సంగతి నాకు తెలుసు. నాకొక్క సాయం సెయ్యి బాబూ. నీ బండి మీద నన్ను అక్కడిదాకా దింపు."

ఉమామహేష్ తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇంకోటి" అన్నాడు గవర్రాజు. "గుమ్మం దాకా రాకు. సందు మొదట్లోనే ఆగిపో. ఆ గుంట నిన్ను సూసిందంటే ముందు నీతోటే మాటాడతాది. ఈ ఒక్కసారికీ ముందు నాతో మాటాడనీ."